అమెరికాలో ఉద్యోగం చేసే మనిషి కార్లో ఎందుకు పడుకుంటోంది?

రిటైర్డ్_క్యాషియర్ | అనకాపల్లి

అందరికీ నమస్కారం. బ్యాంకులో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో ఉంటోంది. తన దగ్గర మూడు నెలలు ఉండి పోయిన వారమే వచ్చాం. గోల్డెన్ గేట్ వంతెన, కాస్ట్‌కోలో బండెడు సరుకులు, ఇవన్నీ అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం బుర్రలోంచి పోవడం లేదు.

నాకు పొద్దున్న అయిదింటికి నడక అలవాటు. అపార్ట్‌మెంటు వెనక వీధిలో వరసగా పాత కార్లు, రెండు మూడు వ్యాన్లు ఆగి ఉండేవి. అద్దాలకి లోపలివైపు అట్టముక్కలు, దుప్పట్లు. పాడైపోయిన బళ్లు అనుకున్నాను. ఒకరోజు ఒక కారు తలుపు తీసుకుని నలభై ఏళ్లావిడ దిగింది. సీసాలో నీళ్లతో మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది, ఏదో షాపు పేరున్న చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్లిపోయింది. పోతూ పోతూ నాకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పింది.

పని లేనివాడు రోడ్డున పడ్డాడంటే అర్థం ఉంది. నెలనెలా జీతం తీసుకునే మనిషికి ఇల్లు లేకపోవడం ఏమిటి? మా అమ్మాయిని అడిగితే "ఇక్కడ అంతే నాన్నా" అంది. ఇంకోటి. తనకి రెండు నెలలుగా భుజం నొప్పి. ఇన్సూరెన్స్ ఉంది కదా, చూపించుకోవే అంటే "ఇంకా డిడక్టిబుల్ అవ్వలేదు" అంటుంది. ఇన్సూరెన్స్ చేతిలో పెట్టుకుని డాక్టరంటే భయపడేవాళ్లని నేనెక్కడా చూడలేదు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్తారా?

మేడమీద_మావయ్య | విజయవాడ

చెప్పేదేముందండీ. పైన పటారం, లోన లొటారం. ఆ దేశం పని అయిపోయింది. డాలరు రేపో మాపో కూలుతుంది.

డల్లాస్_దొరబాబు | టెక్సస్

మావయ్యా, నువ్వు ఈ మాట 2008 నుంచీ అంటున్నావు. ఈలోపు డాలరు నలభై చిల్లర నుంచి ఎనభై దాటింది.

లెక్కల_పంతులు | హైదరాబాద్

క్యాషియర్ గారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెప్తాను. 2025లో కాలిఫోర్నియాలో కనీస వేతనం గంటకి 16.50 డాలర్లు. వారానికి 40 గంటలు, ఏడాదిలో ఒక్క వారం కూడా మానకుండా చేస్తే 34,320 డాలర్లు. నెలకి 2,860. ఇది పన్నులు కోయకముందు. మీ అమ్మాయి గారు ఉండే చోట రెండు గదుల అపార్ట్‌మెంటు అద్దె ఎంతో ఒకసారి ఆవిడనే అడగండి.

ఇంకా కాలిఫోర్నియా నయం. దేశం మొత్తానికి కేంద్రం పెట్టిన కనీస వేతనం 7.25 డాలర్లు. అది 2009 జులై నుంచి అక్కడే ఉంది. సొంతంగా పెంచుకున్న రాష్ట్రాలు చాలా ఉన్నాయిగానీ, పెంచుకోనివీ ఉన్నాయి, దొరబాబు గారి టెక్సస్‌తో సహా. హోటల్లో టిప్పుల మీద బతికే సర్వర్లకైతే కేంద్రం లెక్కలో యజమాని ఇవ్వాల్సింది గంటకి 2.13. అది 1991 నాటి రేటు. ఆ రేటే నడిచే రాష్ట్రాల్లో బిల్లు మీద వేసే 20 శాతం టిప్పు కాదు, వాళ్ల జీతం.

2024 జనవరిలో ఒక రాత్రి దేశమంతటా ఇల్లు లేనివాళ్లని లెక్కపెడితే 7,71,480 మంది తేలారు. అంతకుముందు ఏడాదికన్నా 18 శాతం ఎక్కువ. షెల్టర్లలో ఉన్నవాళ్లు, కార్లలో పడుకున్నవాళ్లు అందరూ అందులోనే.

రిటైర్డ్_క్యాషియర్

అడిగాను. 3,300 అట. మరి అంత గిరాకీ ఉంటే ఇళ్లు కట్టరేమండీ? మా దగ్గర ఒక మెట్రో స్టేషను వస్తుందని పుకారు లేస్తేనే నాలుగు వెంచర్లు పడిపోతాయి.

డల్లాస్_దొరబాబు

కట్టనివ్వరు సార్. అక్కడ చాలా ఊళ్లలో ఎక్కువ భాగం నేల "ఒక స్థలం, ఒక ఇల్లు" అని రాసిపెట్టి ఉంటుంది. నాలుగంతస్తులు లేపుతామంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మీటింగుకి వచ్చి అడ్డుపడతారు. ట్రాఫిక్ పెరుగుతుంది, ఎండ రాదు, వీధి కళ పోతుంది అంటారు. అసలు సంగతి ఇంటి ధర. పైగా కాలిఫోర్నియాలో 1978లో ప్రొపొజిషన్ 13 అని ఇంటి పన్ను చట్టం ఒకటి పాసయింది. కొన్న ధర మీద పన్ను కట్టి, ఆ విలువని ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదు. 1980లో కొన్నాయన ఇప్పటికీ పాత కాలపు పన్ను కడుతుంటాడు, పక్కింట్లో కొత్తగా దిగినవాడు దానికి పది రెట్లు కట్టినా కట్టొచ్చు. లోపల ఉన్నవాడికి కదలాల్సిన పని లేదు, బయట ఉన్నవాడికి దారి లేదు.

దీనికి తోడు వడ్డీ. 2021లో మూడు శాతం లోపే ఇంటి అప్పు దొరికింది. 2023 అక్టోబరుకి దాదాపు ఎనిమిదికి వెళ్లింది. పాత రేటు దొరికినవాడు ఇల్లెందుకు అమ్ముతాడు? అమ్మితే కొత్త ఇంటికి కొత్త వడ్డీ. అందుకని ఎవరిళ్లలో వాళ్లు తలుపేసుకుని కూర్చున్నారు.

రిటైర్డ్_క్యాషియర్

ఆగండాగండి. ముప్పై ఏళ్లూ ఒకటే వడ్డీయా? మధ్యలో మార్చరా?

డల్లాస్_దొరబాబు

మార్చరు. మామూలుగా తీసుకునేది ముప్పై ఏళ్ల ఫిక్సెడే.

రిటైర్డ్_క్యాషియర్

అబ్బ, ఎంత అదృష్టవంతులు! మా బ్రాంచిలో రేటు పెరిగిన ప్రతిసారీ జనం పాస్‌బుక్కు పట్టుకుని నామీదికి వచ్చేవాళ్లు. సరే, కాగితం మీద వేసి చూశాను. 4 లక్షల డాలర్ల అప్పు, 30 ఏళ్లు. మూడు శాతానికి నెలకి 1,686. ఏడున్నరకి 2,797. అదే ఇల్లు, అదే అప్పు, నెలకి 1,100 పైన తేడా. కార్లో పడుకున్నావిడ దాకా ఈ వడ్డీ ఎలా చేరిందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. కొనగలిగినవాళ్లు కొనలేక అద్దెకి ఉండిపోయారు, అద్దెకి ఉండాల్సినవాళ్లు వీధికి వచ్చారు.

భుజం నొప్పి సంగతి ఎవరూ చెప్పలేదు.

రాత్రి_డ్యూటీ | ఒహాయో

నేను చెప్తాను బాబాయ్ గారూ. ఎమర్జెన్సీలో నర్సుని, పదకొండేళ్లుగా.

మన బండి ఇన్సూరెన్సులో చిన్న సొట్టకి మొదటి వెయ్యో రెండు వేలో మనమే పెట్టుకోవాలంటారు చూడండి, డిడక్టిబుల్ అంటే అదే. ఇక్కడ అది ఏడాదికి 3,000 డాలర్లు ఉందనుకోండి, అప్పటిదాకా చాలా వాటికి డబ్బు మనదే. అది దాటాక కూడా మొత్తం ఇవ్వరు, ఒక వాటా మనం, ఒక వాటా వాళ్లు. ఒక పైపరిమితి తాకాకే అంతా వాళ్లది. జనవరి ఒకటిన మీటరు మళ్లీ సున్నా. అందుకే డిసెంబరులో మా ఆపరేషన్ థియేటర్లు ఖాళీ ఉండవు. డిడక్టిబుల్ అయిపోయినవాళ్లంతా మోకాళ్లు, గాల్ బ్లాడర్లు అప్పుడే చేయించుకుంటారు.

మీ అమ్మాయిది పిసినారితనం కాదు. భయమల్లా ధర తెలియకపోవడం. ఈ దేశంలో అరటిపండుకి కూడా స్టిక్కరు ఉంటుంది. భుజానికి ఎమ్మారై తీస్తే చివరికి నా చేతిలోంచి ఎంత పోతుంది అని ముందుగా అడగండి, ఖరారుగా చెప్పేవాళ్లు దొరకడం కష్టం.

ఇన్సూరెన్సే లేనివాళ్లు 2023లో 2 కోట్ల 60 లక్షల మంది. వాళ్లు మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లరు, ముదిరాక మా దగ్గరికి వస్తారు. డబ్బున్నా లేకపోయినా ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని చూసి, ప్రాణం నిలబెట్టాకే పంపాలని 1986 నుంచి చట్టం ఉంది. మేం నిలబెడతాం. కానీ షుగరు మందు ఆపేసి కాలు కుళ్లి వచ్చినవాడికి ఆ రాత్రి మేం చేసేదానికి, అంతకు రెండేళ్ల ముందు ఒక మామూలు డాక్టరు చేయగలిగినదానికి పోలికేముంది? ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లు 1923లో పేటెంటుని ఒక్కో డాలరుకి టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. వందేళ్ల తర్వాత దాన్ని సగం డోసు వేసుకుని సరిపెట్టుకునేవాళ్లని నేను చూశాను. 2023 నుంచి 65 దాటిన వాళ్లకుండే ప్రభుత్వ బీమా మెడికేర్‌లో ఇన్సులిన్‌కి నెలకి 35 డాలర్లు మించకూడదని పెట్టాక కొంత నయం.

మేడమీద_మావయ్య

అందుకే అంటున్నా, ప్రైవేటుకి వదిలేస్తే అంతే! మన ఆరోగ్యశ్రీ లాంటిది ఒకటి పెట్టుకోలేకపోయారా? దాని ముందు మన

[ఇక్కడి నుంచి ఎనిమిది వరుసలు తొలగించాం. నిర్వాహకుడు]

నిర్వాహకుడు

2007 నుంచి ఆ పథకం ఎవరి హయాంలో ఎలా నడిచిందన్నది వేరే చర్చ. మన పార్టీల గొడవ ఇక్కడికి తేవద్దు. దీని తర్వాత వచ్చిన ఇరవై మూడు జవాబులు కూడా తీసేశాను. చర్చ అమెరికా మీద.

పాలమూరు_పిల్లోడు | ఒహాయో

అక్కా, మీరూ ఒహాయోనేనా! నేను ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్నా. మా రూమ్మేట్ ముచ్చట చెప్తా. రాత్రి పదింటికి సైకిల్ మీదికెళ్లి పడ్డడు. మోచేయి వంకర పోయింది. ఎవరో అమెరికన్ ఆవిడ ఆగి అంబులెన్సుకి ఫోన్ చేస్తానంటే వీడు నొప్పితో ఏడుస్తూనే "ప్లీజ్, అంబులెన్స్ వద్దు" అని బతిమాలిండు. చివరికి ఊబర్‌లో తీసుకపోయినం. డ్రైవరు సీటు మీద టవల్ పరిచిండు, ఇది మొదటిసారి కాదన్నట్టు.

తర్వాత కవర్లు రావడం మొదలైంది. ఆస్పత్రిది ఒకటి, డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చదివినాయనది ఇంకొకటి. అన్నీ ఒకే బిల్డింగులో జరిగినయి కదా అంటే, ఎవరి దుకాణం వాళ్లదట.

రాత్రి_డ్యూటీ

అంబులెన్సు వద్దన్న మాట మేం తరచూ వింటాం తమ్ముడూ. మన బీమా కంపెనీ నెట్‌వర్కులో లేని డాక్టరు ఎమర్జెన్సీలో చూసి, తర్వాత వేలకు వేలు బిల్లు పంపకుండా 2022 జనవరి నుంచి చట్టం వచ్చింది. హెలికాప్టరు అంబులెన్సుకి కూడా వర్తిస్తుంది. రోడ్డు మీద తిరిగే అంబులెన్సుని మాత్రం అందులో కలపలేదు.

మీ రూమ్మేట్‌కి రెండు మాటలు చెప్పు. ఒకటి, పద్దు పద్దుగా విడగొట్టిన బిల్లు అడగాలి. మొత్తం అంకె చూసి కట్టేయకూడదు. రెండు, ఆస్పత్రి లాభాపేక్ష లేనిదైతే, ఇక్కడ చాలావరకు అలాంటివే, తక్కువ ఆదాయం వాళ్లకి బిల్లు తగ్గించే పద్ధతి ఒకటి రాతపూర్వకంగా ఉండి తీరాలి. ఒబామా తెచ్చిన చట్టంలోనే ఉంది. చారిటీ కేర్ అంటారు. అడిగితేనే బయటికి తీస్తారు. సిగ్గుపడొద్దను.

లెక్కల_పంతులు

ఒక చిన్న చరిత్ర. ఇన్సూరెన్సు ఉద్యోగానికి ఎందుకు అతుక్కుంది? ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. 1942లో యుద్ధం మధ్య జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. పనివాళ్లు దొరక్క కంపెనీలు జీతం బదులు వైద్య బీమా ఆశ చూపాయి. 1954లో దాని మీద పన్ను లేదని చట్టంలో స్థిరపరిచారు. యుద్ధం పోయింది, ముడి మిగిలిపోయింది. ఇప్పుడు ఉద్యోగం పోతే బీమా కూడా దాంతోపాటే పోతుంది. 2023లో ఆ దేశం వైద్యానికి పెట్టింది జాతీయోత్పత్తిలో 17.6 శాతం. ఆ ఏడాది సగటు ఆయుర్దాయం 78 చిల్లర. జపాన్‌లో 84.

డల్లాస్_దొరబాబు

ఈ ముడి సంగతి నాకు చెప్పాలా పంతులు గారూ. మొదట నేను అమెరికాని వెనకేసుకొచ్చాను కాబట్టి ఇది కూడా రాయాలి.

రెండేళ్ల కింద ఒక మంగళవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగులో నా ఉద్యోగం తీసేశారు. కంపెనీ పేరు వద్దు. మా ఆవిడకి ఏడో నెల. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి 60 రోజులు, ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే సర్దుకోవాలి. ఇండియాలో పుట్టినవాళ్లకి గ్రీన్ కార్డు లైను ఎంత పొడుగో ఇక్కడ అందరికీ తెలుసు, ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్నాక అంతే. పాత బీమాని కోబ్రా కింద కొనసాగించుకోవచ్చు, కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టుకుని. పాము పేరు ఊరికే పెట్టలేదు. నెలకి 2,100 డాలర్లు అన్నారు. జీతం లేని నెలలో!

కట్టాను. 51వ రోజున ఉద్యోగం దొరికింది. పాప బాగుంది. ఇంటికి మాత్రం అప్పుడేమీ చెప్పలేదు. మా నాన్నకి ఇప్పటికీ తెలియదు, ఆయన ఈ వేదిక చదవడు కాబట్టి రాస్తున్నా.

అయినా మావయ్య అన్నట్టు దేశం కూలిపోయిందంటే ఒప్పుకోను. సగటు కుటుంబం ఆదాయం ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. నాలాంటివాడు అన్నీ తెలిసి కూడా ఇక్కడే ఉన్నాడు. జీతం వస్తున్నంతకాలం ఇంత సుఖమైన దేశం లేదు.

లెక్కల_పంతులు

ఆ "వస్తున్నంతకాలం" దగ్గరే కదా చర్చంతా. దేశ సంపదలో పై ఒక్క శాతం వాళ్ల దగ్గర మూడో వంతుకి కాస్త తక్కువ ఉంది. కింది సగం జనాభా అంతా కలిపితే మూడు శాతం కూడా లేదు. అంటే సగం మందికి జీతం ఆగితే వెనక ఆనుకోవడానికి గోడ లేదు.

గుమ్మడిపువ్వు | జార్జియా

నేను ఇక్కడ బడిలో టీచర్ని, అయిదారేళ్ల పిల్లలకి. డబ్బు మాటలు మీరు చెప్తున్నారు, నేను ఇంకోటి చెప్తాను.

ఏడాదికి కొన్నిసార్లు మాకు లాక్‌డౌన్ డ్రిల్ ఉంటుంది. తుపాకీతో ఎవరైనా వస్తే ఏం చేయాలన్నది. తలుపుకి తాళం, లైట్లు ఆర్పడం, కిటికీలోంచి కనపడని మూల కూర్చోవడం, చప్పుడు చేయకపోవడం. మా క్లాసులో చిన్న చేపల తొట్టి ఉంది. మొదటి డ్రిల్‌లో ఒక పాప నా చెవిలో "చేపల లైటు కూడా ఆర్పాలా?" అని అడిగింది. ఆర్పాం. 2024 సెప్టెంబరులో మా రాష్ట్రంలోనే విండర్ అనే ఊళ్లో హైస్కూల్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. కాల్చాడని పట్టుకున్నది 14 ఏళ్ల కుర్రాణ్ణి. ఆ వారం తల్లిదండ్రులు పిల్లల్ని దించి వెంటనే వెళ్లలేదు, కార్లలోనే కాసేపు కూర్చున్నారు.

బడి కాల్పులు టీవీలో వస్తాయి. 2022లో తుపాకులతో పోయిన 48 వేల పైచిలుకు మందిలో సగానికి మించి ఆత్మహత్యలని టీవీలో రాదు.

ఇంకో చిన్న మాట. రంగు పెన్సిళ్లు, టిష్యూలు నేనే కొంటాను. టీచర్లు సొంత డబ్బు పెట్టుకుంటే 2025లో 300 డాలర్ల దాకా ఆదాయంలోంచి మినహాయింపు ఇచ్చారు. టీచర్లు కొంటారని సర్కారుకి కూడా తెలుసన్నమాట. బడికి వచ్చే నిధుల్లో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఇళ్ల పన్ను. ఖరీదైన ఇళ్లున్న చోట మంచి బడి. మంచి బడి ఉన్న చోట ఇళ్లు ఇంకా ఖరీదు. 1930లలో అప్పులివ్వడానికి ఊళ్లకి మ్యాపులు గీసి, నల్లవాళ్లుండే పేటలకి ఎర్ర రంగు వేశారు. అట్లాంటా మ్యాపు నేను చూశాను. అలా చేయకూడదని 1968లో చట్టం చేశారు. ఆ ఎర్ర పేటల్లో కొన్నింటి మీదుగా ఈ రోజుకీ బస్సులో వెళ్తుంటే రంగు వేయకపోయినా తెలిసిపోతుంది.

రిటైర్డ్_క్యాషియర్

టీచరమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఎర్ర రంగు గురించి ఒక నిజం చెప్పాలి. మా బ్రాంచిలో మ్యాపు లేదు గానీ, నోటితో చెప్పుకునే వీధులు కొన్ని ఉండేవి. ఆ వీధి పేరు అప్లికేషన్ మీద కనపడితే ఫైలు కిందకి వెళ్లేది. నేనూ పెట్టాను కిందకి. అప్పట్లో అది జాగ్రత్త అనుకున్నాం.

పాలమూరు_పిల్లోడు

సార్, మా చదువు అప్పు ఫైలు కూడా మీలాంటివారే చూసి ఉంటరు. ఇల్లు తాకట్టు పెట్టి మా నాయిన సంతకం చేసిండు. ఇక్కడి పిల్లలవి సర్కారు అప్పులు, దాదాపు 4 కోట్ల 30 లక్షల మందికి ఉన్నయి, దివాలా తీసినా అంత తేలిగ్గా పోవు. నా క్లాసులో ఒకతను 46 ఏళ్లకి ఇంకా తన మొదటి డిగ్రీ అప్పు కడుతుండు. మాఫీ చేస్తామని బైడెన్ అంటే 2023 జూన్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ 46 ఏళ్లాయనా నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని వడ్డీలు పోల్చుకుంటం. నాదే ఎక్కువ.

మేడమీద_మావయ్య

మరి మత్తుమందుల సంగతి ఎవరూ ఎత్తరే? వీడియోల్లో చూస్తున్నాం కదా, ఫిలడెల్ఫియాలో మనుషులు నిలబడే వంగిపోయి ఉంటారు.

రాత్రి_డ్యూటీ

మావయ్య గారూ, ఆ వీడియోలు తీసి పెట్టేవాళ్లంటే నాకు కోపం. వాళ్లు ఒకరి పిల్లలు.

ఇది సందుల్లో మొదలవలేదు, డాక్టరు చీటీతో మొదలైంది. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర వచ్చింది. అలవాటు పడే ప్రమాదం తక్కువని కంపెనీ ప్రచారం చేసింది. అది అబద్ధమని తర్వాత కోర్టులో ఒప్పుకుంది కూడా. నడుం నొప్పికి వేసుకున్న గని కార్మికుడు, ఫ్యాక్టరీ మనిషి దానికి బానిసయ్యారు. మాత్రలు కట్టడి చేశాక హెరాయిన్‌కి, ఆ తర్వాత ఇంకా గట్టి మత్తుమందు ఫెంటానిల్‌కి వెళ్లారు. 2022లో ఓవర్‌డోసులతో లక్షా ఏడు వేల పైచిలుకు మంది పోయారు. 2024లో అది దాదాపు 80 వేలకి తగ్గింది. ఓవర్‌డోసుకి విరుగుడుగా ముక్కులో కొట్టే నలోక్సోన్ స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండా మందుల షాపులో దొరుకుతోంది. తగ్గడానికి అదొక్కటే కారణం కాదు, కానీ నా పర్సులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. కిరాణా షాపు బాత్రూములో ఒకసారి వాడాను. లేచి కూర్చుని ఆ అబ్బాయి మొదట అడిగింది "అంబులెన్సుకి ఫోన్ చేశారా?" అని. చేశామంటే తల పట్టుకున్నాడు. ప్రాణం వచ్చిన రెండో నిమిషానికి బిల్లు గుర్తొచ్చింది.

మా ఊళ్లో పిల్లల్ని బడిలో దింపడానికి వచ్చేవాళ్లలో అమ్మమ్మలు ఎక్కువ. మధ్య తరం లేదు.

డల్లాస్_దొరబాబు

ఇంక నేను వాదించను.

నిర్వాహకుడు

చాలా రోజులకి ఒక చర్చ తాళం వేయకుండా ఇంతదూరం వచ్చింది. రాత్రి_డ్యూటీ గారి బిల్లుల సలహాని "విద్యార్థులకు" విభాగంలో పైన అతికించాను.

రిటైర్డ్_క్యాషియర్

చిన్న కబురు. నా పోరు పడలేక మా అమ్మాయి భుజం చూపించుకుంది. ఎమ్మారై కూడా తీశారు. నరం కాస్త వాచిందట, వ్యాయామం చేస్తే చాలన్నారు. తర్వాత 1,840 డాలర్లకి కవరు వచ్చింది. ఒకే అంకె, వివరం లేదు. నర్సమ్మ గారు చెప్పినట్టు పద్దు పద్దుగా అడగవే అన్నాను. "అలా అడిగితే బాగోదు నాన్నా" అంది. 34 ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, వోచరు లేకుండా డబ్బు కదలడం నాకు బాగోదు అన్నాను.

అడిగింది. మూడు వారాలకి కాగితం వచ్చింది. వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీయించి, స్కేలు పెట్టుకుని చూశాను. ఒకే తేదీకి ఒకే పరీక్ష రెండుసార్లు, 212 డాలర్ల చొప్పున. ఫోన్ చేస్తే పొరపాటైందని తీసేస్తామన్నారట. నలభై నిమిషాలు పాట వినిపించాక.

ఇంకా రెండు కవర్లు రావాల్సి ఉందంటోంది.

రాత్రి_డ్యూటీ

ఒకటి ఎమ్మారై చదివిన డాక్టరుది అయ్యుంటుంది బాబాయ్ గారూ. దాన్నీ విడగొట్టి ఇమ్మనండి. స్కేలు దగ్గర పెట్టుకోండి.